కదలని చెవులు

మా బావ ఆ రోజు తాగలేదు.

ఈ మాట మొదటే రాసేస్తున్నాను. చివరికి దాచుకుంటే ఆ చివరిదాకా రాస్తానన్న నమ్మకం నాకు లేదు. పొద్దున్న గడ్డి కోతకు బయల్దేరినప్పటి నుంచి, మధ్యాహ్నం ఏనుగు ఆయన్ని ఎత్తి కాలువలో పారేసేదాకా ఆయన నా పక్కనే ఉన్నాడు. చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకు తిన్నాడు. బోరు దగ్గర నీళ్లు తాగాడు. అంతే. ఏనుగు ఉన్న చేలోకి ఆయన దిగింది మత్తులో కాదు, నా మాట మీద. నేను దాని చెవులు చూసి, భయం లేదు వెళ్లమన్నాను.

ఊళ్లో నడుస్తున్న కథ వేరు. అందులో మా బావ కల్లు తాగి, నేను వద్దు వద్దంటున్నా వినకుండా ఏనుగుకు ఎదురు వెళ్తాడు. ఆ కథ నాదే. పెద్దగా కష్టపడి కట్టిందీ కాదు. ఆసుపత్రి వరండాలో ఎవరో అడిగితే రెండు మాటలన్నాను, మిగిలింది ఊరు కట్టుకుంది. దానికంటే భయమైన సంగతి ఇంకొకటి ఉంది. తలకు తగిలిన దెబ్బతో మా బావకు ఆ రోజు మొత్తం చెరిగిపోయింది. తెలివి వచ్చాక చుట్టూ ఉన్నవాళ్లు ఏం చెప్పారో అదే ఆయనకు జ్ఞాపకమైంది. తాను తాగానని ఆయనా నమ్మాడు.

బావ అంటే మా అప్ప మొగుడు. అక్కను మా వైపు అప్ప అంటాం. ఆమెను ఊళ్లోనే ఇచ్చారు. మా రెండిళ్లకూ మధ్య ఒక్క గోడ, మా రెండు పొలాలకూ మధ్య ఒక్క గట్టు. ఇంత దగ్గరలో ఉంటూ ఒక అబద్ధాన్ని మోయడం ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు పోలిక దొరకదు. గోడ అవతల ఆయన దగ్గినా నాకు వినిపిస్తుంది.

చెవుల సంగతి చెప్పకపోతే నేనెందుకు అలా అన్నానో ఎవరికీ అర్థం కాదు. మా నాన్న పశువుల బేరాలు చేసేవాడు. చీపురుపల్లి వైపు, సాలూరు వైపు సంతలకు తిరిగేవాడు. పళ్లు అందరూ చూస్తారు, నువ్వు చెవులు చూడు అని నాకు నేర్పాడు. చెవి మొదట్లో చెయ్యి పెడితే గొడ్డుకు జ్వరముందో లేదో తెలుస్తుంది. కొస చల్లగా ఉంటే ఒకటి, కాలుతుంటే ఇంకొకటి. ఈగ వాలకపోయినా చెవులు ముందుకీ వెనక్కీ ఆడిస్తుంటే అది బెదురు గొడ్డు, మనిషి మీద నమ్మకం లేనిది. చెవులు కదలకుండా వదిలేసి నెమరు వేసుకుంటూ నిలబడితే అది ఇంటి గొడ్డు. దాని కాళ్ల మధ్య పసిపిల్లను ఆడుకోనివ్వొచ్చు. కదలని చెవి అంటే శాంతం. అక్షరాల కంటే ముందు నాకు వచ్చిన చదువు అది. నాన్న పోయాక ఊళ్లో ఎవరు ఎద్దును కొన్నా, గేదెను కొన్నా నన్ను వెంట తీసుకెళ్లేవారు. సంతలో నేను పశువు వెనక నుంచి కాకుండా తల వైపు నుంచి వెళ్లి చెవి పట్టుకునేసరికి అమ్మేవాడి ముఖం మారేది. ఆ ముఖం మారడం నాకు బాగుండేది.

ఒకసారి సాలూరు లారీ డ్రైవరు ఒకాయన ఎక్కడో ఎడారి వైపు లోడు దించి వస్తూ ఒక మేకపోతును తెచ్చాడు. దాని చెవులు దవడలు దాటి అరిటాకు పేలికల్లా వేలాడుతున్నాయి. మా మేకలకు చెవులు అడ్డంగా, చిన్నగా ఉంటాయి. ఇంతేసి చెవులు దీనికెందుకు అంటే, అక్కడి ఎండకు అన్నాడాయన. నేను ఆ చెవిని ఎత్తి సూర్యుడికి అడ్డంగా పట్టుకున్నాను. పలచటి తోలు గుండా ఎర్రటి నరాలు రావి ఆకు ఈనెల్లా కొమ్మలు కొమ్మలుగా కనిపించాయి. లోపలి వేడి నెత్తురు ఆ పలచటి చోటికి వచ్చి, గాలి తగిలి చల్లబడి మళ్లీ ఒంట్లోకి వెళ్తుందని మా అమ్మాయి పాఠం పుస్తకంలో తర్వాత చదివాను. ఎండ దేశపు కుందేలుకు చేటలంత చెవులూ, మంచు దేశపు నక్కకు గుండీలంత చెవులూ ఉండటానికి కారణం అదేనట. అక్కడ చెవి పెద్దదైతే ఒంట్లో వెచ్చదనం దానిలోంచే కారిపోతుంది.

ఆ ఒక్క కారణం నాకు తెగ నచ్చింది. టీ బడ్డీ దగ్గర ఎవరు కూర్చున్నా చెప్పేవాణ్ని. మా బావ నవ్వేవాడు. "మీ అప్ప సెవులు సూడు, సిన్నవి. అందుకే ఎప్పుడూ ఏడి మీదుంతాది" అనేవాడు. అప్ప లోపలి నుంచి గరిట చప్పుడు చేసేది.

అలాంటి రోజుల్లో ఏనుగులు దిగాయి.

ఒడిశా కొండల్లోంచి వచ్చాయన్నారు. మొదట అది వేరే మండలాల వార్త. ఎవరి చెరకో తొక్కేశాయి, ఎవరి అరటో విరిచేశాయి, ఎవరో పోయారు. తర్వాత కాలువ అవతలి ఊరి వార్త అయింది. ఒక పొద్దున్న మా మొక్కజొన్న చేలో, నీళ్లు పట్టిన మడిలో అడుగు జాడ కనిపించింది. నా రెండు అరచేతులూ చాపి నేల మీద పెడితే కూడా ఆ గుంట నిండలేదు. అందులో నీళ్లు ఊరి, పైన ఆకాశం కనిపిస్తోంది. ఆ రోజు నుంచి మా ఆడవాళ్లు ఆ పేరు పలకడం మానేశారు. పెద్దోరు అనేవారు. పేరు పెట్టి పిలిస్తే ఎంత దూరం నుంచైనా వింటారని వాళ్ల భయం. నేను నవ్వలేదు గాని నమ్మలేదు. ఆ చెవులు వినడానికి కాదు, విసురుకోవడానికి అని నా లెక్క.

ఏనుగు చెవి విసురుకుంటే చప్పుడవుతుంది. అది చాలామందికి తెలియదు. తడి దుప్పటిని ఇద్దరు పట్టుకుని విదిలించినట్టు, ఆగి ఆగి, ఫట్ మని భుజానికి తగులుతుంది. చెరకు తోటలో మనిషికి ఏమీ కనిపించదు. అంత ఒళ్లు ఎక్కడ దాక్కుందో తెలియదు. అడుగుల చప్పుడు ఉండదు. ఆ ఫట్ ఫట్ ఒక్కటే వినిపిస్తుంది. ఆ చప్పుడు ఉన్నంతసేపూ భయమే. ఆగితే భయపడాలని మాత్రం అప్పటికి నాకు తెలియదు.

ఆ రోజు మేమిద్దరం గడ్డి కోసుకుని వస్తున్నాం. బావ ఎడ్ల జత కాలువ పక్క కొబ్బరి మొక్కల దగ్గర కట్టి ఉంది. మేం గట్టు ఎక్కేసరికి చెరకు అంచున ఒక ఏనుగు బయటికి వచ్చి నిలబడి ఉంది. ఒంటిది. వీపు మీద ఎర్రమట్టి. ఎడ్లకూ దానికీ మధ్య కోసేసిన నువ్వుచేను తప్ప ఏమీ లేదు. ఎడ్లు తాళ్లు తెంపుకోవాలని గుంజుతున్నాయి. వాటి చెవులు పిచ్చిపట్టినట్టు ఆడుతున్నాయి. ఏనుగు మాత్రం నిదానంగా చెవులు విసురుకుంటూనే ఉంది.

మేం గడ్డిమోపులు దించి చతికిలబడ్డాం. ఫోన్ చేస్తే అడవి శాఖ వాళ్లు బయల్దేరామన్నారు. బావ ఎడ్లనే చూస్తున్నాడు. ఆ జతను నేనే చూసి కొనిపించాను. కాసేపటికి ఏనుగు చెవులు విసరడం ఆపేసింది. రెండు చెవులూ వెడల్పుగా తెరిచి, రెండు తలుపులు బార్లా తీసినట్టు పెట్టి, కదలకుండా నిలబడింది. తోక కూడా ఆడటం లేదు.

బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఏటంతావురా? ఎల్లమంతావా?"

నేను చూశాను. నాకు తెలిసిందంతా అప్పుడు నాకు తోడు వచ్చింది. వేడికి విసురుకుంది, వేడి తగ్గింది, ఆపేసింది. కదలని చెవి అంటే శాంతం.

"సల్లబడ్డాది బావా. నిలబడి కునుకు తీస్తన్నాది. ఎల్లు."

ఆయన నా ముఖం చూసి తల ఊపాడు. కొడవలి తీసుకుని గట్టు దిగాడు. వంగి వంగి కాకుండా, మామూలుగా, ఇంటి పెరట్లోకి వెళ్లినట్టు వెళ్లాడు. నా మాట మీద అంత నమ్మకం. ఎడ్లను చేరాడు. ఆ తర్వాత ఏనుగు పరుగెత్తింది. పరుగెత్తుతున్నట్టు కూడా లేదు, అక్కడ ఉన్నది ఇక్కడ ఉంది, అంతే. ఎడ్లు విడిపించుకుని పోయాయి. బావ గాల్లోకి లేచి కాలువ బురదలో పడ్డాడు. బురద కాబట్టి బతికాడు. తుంటి ఎముక విరిగింది. ఎడమ చెవిలోంచి నెత్తురు కారింది. ఏనుగు కాలువ దాటి తన దారిన పోయింది.

ఆసుపత్రి వరండాలో జనం. మా వాళ్లు, ఊరివాళ్లు, అడగడానికి వచ్చినవాళ్లు. అప్ప గోడకు తల ఆనించి కూర్చుంది. నువ్వు పక్కనే ఉండి ఎలా వెళ్లనిచ్చావని ఎవరో పెద్దాయన అడిగాడు. చెవులు చూసి పంపించానని చెప్తే, ఇక ఈ జిల్లాలో ఏ గొడ్డు చెవీ పట్టుకోలేను. అప్ప ముఖం చూడలేను. బావ లోపల బతుకుతాడో లేదో తెలియదు. అప్పుడు అన్నాను. నాను వద్దన్నాను, కొంచెం ఏసుకున్నట్టున్నాడు, ఇన్నేదు.

తాటికల్లు రోజుల్లో ఆయన తాగే మాట నిజమే. అందుకని అందరికీ సులువుగా సరిపోయింది. అప్ప తల ఎత్తి నన్ను ఒకసారి చూసింది. మళ్లీ గోడకు ఆనించింది.

బావ ఇంటికి వచ్చాక కర్ర పట్టుకు నడవడం నేర్చుకున్నాడు. ఎడమ చెవి పోయింది. కుడి చెవి కూడా అంతంతే. ఎవరు మాట్లాడినా అరచెయ్యి చెవి వెనక డొప్పలా పెట్టి వింటాడు. చెవి పెద్దదైతే చప్పుడు ఎక్కువ పోగవుతుందని, పెద్ద చెవులకు అది ఇంకో కారణమని నాకు ఏ పుస్తకమూ చెప్పక్కర్లేకపోయింది. రోజూ ఆయన చెయ్యి చెప్పేది.

ఆయన తాగడం పూర్తిగా మానేశాడు. అప్ప ఆయన్ని సంతకు ఒంటరిగా పంపడం మానేసింది. పెళ్లిళ్లలో మగవాళ్లు నవ్వుతూ బావగారికి మజ్జిగ పొయ్యండర్రా అనేవారు. ఆయనా నవ్వేవాడు. ఒకరోజు మా అరుగు మీదకు వచ్చి కూర్చున్నాడు. తర్వాత, తనను తానే అడిగినట్టు అడిగాడు.

"ఒరే, ఆ రోజు నాకు ఎడ్లంతే పేనమా, కల్లంతే పేనమా? మీ అప్ప ఇంట్లో ఉన్నాదని కూడా గుర్తు రానేదంతావా? అలాటోన్నా నాను?"

నేను లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. అంతకంటే ఏమీ చెయ్యలేదు.

ఆ రోజుల్లోనే చెవుల గురించి నిజంగా తెలుసుకోవడం మొదలుపెట్టాను. మంచి కోరికతో కాదు, భయంతో. నేను చూసిందేమిటో తెలియకపోతే నిద్ర పట్టేలా లేదు. ఏనుగులు మళ్లీ వచ్చినప్పుడల్లా నీళ్ల ట్యాంకు మెట్ల మీద నుంచి గంటల తరబడి చూసేవాణ్ని. ఫోన్లో చూసేవాణ్ని, తెలిసినవాళ్లను అడిగేవాణ్ని. చెవి ఒక్క పనికి పెరగదు. వేడి విసర్జించడానికి పెరుగుతుంది. దూరం నుంచి వచ్చే చప్పుడు పట్టడానికి పెరుగుతుంది. చీకట్లో తిరుగుతూ తన అరుపు తనకే తిరిగి వినపడాల్సిన గబ్బిలానికి ఒక రకంగా, పగలంతా చెవులు నిక్కించి బతకాల్సిన కుందేలుకు ఒక రకంగా. కలుగులో దూరే పందికొక్కుకు పెద్ద చెవి అడ్డం, అందుకే చిన్నది. నీళ్లలో ఈదే తిమింగలానికి బయట చెవే లేదు. గుడ్లగూబకూ లేదు, తల మీద నిక్కి కనిపించేవి ఈకలు. ఎర్రటి ఎండలో మైదానాల్లో తిరిగే ఆఫ్రికా ఏనుగు చెవి దాని భుజాన్ని కప్పేస్తుంది. చెట్ల నీడన తిరిగే మన ఏనుగుది అంతకంటే చిన్నది.

ఆ చెవితో ఏనుగు మాట్లాడుతుంది కూడా. విసురుకుంటున్నంతసేపూ దాని మనసు తన ఒంటి మీద, తన తిండి మీద ఉంటుంది. విసరడం ఆగి, చెవులు బార్లా తెరుచుకుంటే అది వింటోంది. నిన్ను వింటోంది. లేదా నేనింత ఉన్నాను చూడు అని నీకు చూపిస్తోంది. ఆ చెవులు వెనక్కి అతుక్కుని, తొండం లోపలికి చుట్టుకుంటే ఇక బెదిరింపు కాదు, మీదికి రావడమే. మా నాన్న నేర్పింది ఎద్దుకు నిజం. నేను ఎద్దును చదివినట్టు ఏనుగును చదివాను. కదలని చెవి శాంతమన్న నా చదువు ఏనుగు దగ్గర సరిగ్గా తలకిందులు.

ఈ సంగతులు ఊళ్లో చెప్పాను. చెవులు ఆగితే మెల్లగా వెనక్కి వచ్చెయ్యండి అని అందరికీ చెప్పాను. ఎక్కడ నేర్చుకున్నానో మాత్రం చెప్పలేదు. ఊళ్లో నా మాటకు ఇంకా విలువ పెరిగింది. అది కూడా రాయాలి.

ఇప్పటికీ పగటిపూట కరెంటు పోయి ఫ్యాను ఆగితే నా గుండె ఆగినట్టవుతుంది. చప్పుడు ఉన్నంతసేపు పరవాలేదు. ఆగడమే నేను ఓర్చుకోలేను.

మొన్న కోతల ముందు మూడు ఏనుగులు కాలువ పక్క మొక్కజొన్నలోకి వచ్చాయి. ఎండ బాగా కాస్తోంది. ఊళ్లో మగవాళ్లంతా తూము దగ్గర రోడ్డు మీద గుంపుగా నిలబడ్డాం. చేను అంచున మా పొరుగాయన గేదెదూడ ఒకటి కట్టి ఉంది. అది అరుస్తోంది. పొరుగాయన నా పక్కనే నిలబడి ఏడుపు ముఖంతో చూస్తున్నాడు. పాలిచ్చే గేదె దూడ. ఎవరూ కదలడం లేదు.

మా బావ కర్ర నేలకు ఆనించి ముందుకు వచ్చాడు. అందరి వైపూ తిరిగి, మా బావమరిదిని అడుగుదాం, ఆడు సెవులు సూసి సెప్తాడు అన్నాడు. ఆ రోజు ఆడి మాట ఇనుంటే నాకీ గతి పట్టీది గాదు అన్నాడు. గుంపులో ఎవరో నవ్వారు. ఆయన కూడా నవ్వి, తలగుడ్డ బిగించుకున్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. ఆయన వెళ్లదలుచుకున్నాడు. అందరి ముందూ, ఒంటి మీద తెలివితో, ఆ దూడను విప్పుకుని రాదలుచుకున్నాడు. తాగుబోతన్న పేరును ఆ చేలో వదిలేసి రావాలని ఆయన కోరిక.

"సెప్పురా" అన్నాడు నాతో. "సెవులు ఊపుతన్నాదా నేదా?"

దగ్గరున్న ఏనుగు విసురుకుంటోంది. ఫట్. ఆగి, ఫట్.

"ఊపుతన్నాది. అయినా వద్దు బావా. నీకు కాలు సరిగా నేదు."

"ఊపుతన్నాదంతే శాంతమేనని నువ్వే గదా సెప్పినావు. ఈసారి నీ మాట ఇనే ఎల్తన్నాను."

ఆయన కర్ర ముందు పెట్టి గట్టు మీదకు దిగిపోయాడు. చెవులు ఊపడం ఆగిపోయింది, రా అని ఇంకో అబద్ధం చెప్పొచ్చు. ఆ అబద్ధం నాలుక చివర ఉంది కూడా. ఆయన వెనక్కి వచ్చేవాడు, నేను మళ్లీ తప్పించుకునేవాణ్ని. కాని ఆయన నడక చూస్తుంటే, ఈసారి ఆ అబద్ధం కూడా ఆయన్ని ఆపదనిపించింది. ఆయన వెళ్తున్నది దూడ కోసం కాదు.

"బావా, ఆ రోజు నువ్వు తాగనేదు" అన్నాను.

ఆయన ఆగాడు. వెనక్కి తిరిగి, అరచెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు.

"ఏటన్నావు?"

ఆ డొప్పచెయ్యి ముందు నేను మళ్లీ చెప్పాలి. గట్టిగా చెప్పాలి. రోడ్డు మీద ఉన్న ప్రతివాడికీ వినపడేటట్టు చెప్పాలి. అవతల ఏనుగుకు కూడా వినపడుతుందని తెలిసి చెప్పాలి.

"నువ్వు తాగనేదు బావా. నానే ఎల్లమన్నాను. దాని సెవులు సూసి నానే ఎల్లమన్నాను. వద్దన్నానని అబద్ధం సెప్పినాను."

చప్పుడు ఆగిపోయింది.

మొక్కజొన్న పైన రెండు చెవులు తెరుచుకున్నాయి. అంచుల్లో చిరుగులు, కిందికి గులాబీరంగు మచ్చలు. అంత స్పష్టంగా కనిపించాయి. దూడ కూడా అరవడం మానేసింది. ఏనుగు బావ వీపు వెనక ఉంది. ఆయన దాన్ని చూడటం లేదు, నన్నే చూస్తున్నాడు. చప్పుడు ఆగిందని కూడా ఆయనకు తెలియదు. నేను చెయ్యి ఎత్తి, మెల్లగా, రమ్మన్నట్టు ఊపాను. ఆయన రాలేదు. ఇంకా నిలబడే ఉన్నాడు. నేనూ గట్టు మీదకు దిగాను. ధైర్యంతో కాదు. ఇక్కడ నిలబడి చూడటం ఇంకోసారి నావల్ల కాదు గనుక. ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం ఏనుగు వైపు చూడకుండా, పరుగెత్తకుండా వెనక్కి నడిచాం. ఎంతసేపు నడిచామో తెలియదు. వెనక ఫట్ మని వినిపించింది. ఇంకోసారి వినిపించింది. అప్పుడు రోడ్డెక్కి అక్కడే కూర్చుండిపోయాను.

సాయంత్రానికి ఏనుగులు వాటంతట అవే కాలువ దాటిపోయాయి. దూడకు ఏమీ కాలేదు. గుంపంతా నా పక్క నుంచి తప్పుకుని ఎవరి దారిన వాళ్లు పోయారు. పొరుగాయన ఒక్కడు నా ముందుకు వచ్చి ఏదో అనబోయి, ఉమ్మేసి వెళ్లిపోయాడు.

బావ కర్ర ఊతంతో ఇంటి దాకా నా ముందు నడిచాడు. గుమ్మం దగ్గర అడిగాడు.

"నాను తాగనేదా?"

"నేదు బావా."

"సుక్క కూడా?"

"మజ్జిగ కూడా తాగనేదు. మంచినీళ్లే."

ఆయన, మీ అప్పకి నువ్వే సెప్పు అని లోపలికి వెళ్లిపోయాడు.

అప్ప పెరట్లో బియ్యం చెరుగుతోంది. నేను చెప్తుంటే చేట ఆపలేదు. చెప్పడం అయ్యాక ఆపింది.

"ఆసుపత్రిలో మీ బావ నోరు వాసన సూసినాన్రా" అంది. "ఏ వాసనా నేదు. అయినా నా ముక్కు కంటే నీ మాటే నమ్మినాను."

మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి గోడ అవతల నుంచి నన్ను పిలవలేదు. పెరట్లో కాసిన ఆనపకాయ ఇవ్వలేదు, అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు.

బావ మాత్రం వస్తున్నాడు. ఇప్పుడు ఒంటరిగానే సంతకు వెళ్తున్నాడు, తిరిగి వచ్చేటప్పుడు మా అరుగు మీద కూర్చుంటున్నాడు. నాతో పాత మాటలు మాట్లాడడు. పోగొట్టుకున్న రోజును ముక్క ముక్కగా అడిగి పట్టుకెళ్తాడు. ఆ పొద్దున్న ఎండగా ఉందా, మబ్బా? గడ్డి ఎన్ని మోపులైంది? నేను ముందు నడిచానా, నువ్వా? నాకు గుర్తున్నది గుర్తున్నట్టు చెప్తున్నాను. గుర్తు లేనిది లేదంటున్నాను. ఒకరోజు, ఎడ్ల తాళ్లు కోశానా, ముడి విప్పానా అని అడిగాడు. ఒకటి కొడవలితో కోశావు, రెండోది కోస్తుండగానే వచ్చింది అన్నాను. ఆయన ముఖంలో చిన్న వెలుగు వచ్చింది. ఎడ్లను వదల్లేదన్నమాట.

తర్వాత అడిగాడు, మరి నువ్వెక్కడున్నావని.

ఇందాక రాసినప్పుడు ఒక సంగతి వదిలేశాను. గట్టు మీద నాకు ఏనుగు పూర్తిగా కనిపిస్తోంది. తెరిచిన చెవులు వెనక్కి అతుక్కోవడం, తొండం లోపలికి చుట్టుకోవడం నేను చూశాను. అదేమిటో అప్పుడు పేరు పెట్టి చెప్పలేను గాని, శాంతం కాదని తెలిసింది. ఒళ్లంతా తెలిసింది. బావ వంగి తాడు కోస్తున్నాడు. కేక వెయ్యడానికి వ్యవధి ఉంది. కేక వేస్తే అది నా వైపు తిరుగుతుందని భయం వేసింది. నోరు మూసుకుని గడ్డిమోపు వెనక పడుకున్నాను.

అదే చెప్పాను ఆయనతో. గట్టు మీదే ఉన్నాను బావా, సూసినాను, కేకెయ్యనేదు అన్నాను.

ఆయన చెవి వెనక నుంచి చెయ్యి తీసేశాడు. కర్ర అందుకుని లేచాడు. మెట్టు దిగి, నా వైపు చూడకుండా అన్నాడు.

"కేకేసుంటే ఇనేవోన్ని గదరా. అప్పుడు నాకు రెండు సెవులూ ఉన్నాయి."